రంభ నూలు, టాగ్లియోని గౌను

పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువు ఒకటి మా వైపు తెలియనివాళ్ళు తక్కువ. రసికుడన్నవాడు ఈ సీమ మొహం చూడడనీ, ఇక్కడికొస్తే అప్సరస రంభ అయినా కూర్చుని నూలు వడుక్కోవాల్సిందేననీ అందులో వెక్కిరింపు. బళ్ళో మాస్టారు మెట్టసీమ మీద వేళాకోళంగా చెప్పేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఈమధ్య బాలే నాట్యం గురించి చదువుతూ, అందులో ఆడవాళ్ళు వేసుకునే టుటూ అనే గౌను చరిత్రలో పడిపోయాక ఆ రంభ మళ్ళీ గుర్తొచ్చింది. ఇంద్రసభలో నాట్యం చేసే మనిషికీ, రాట్నం ముందు కూర్చున్న మనిషికీ మధ్య ఉందనుకునే దూరం వల్లే ఆ పద్యం నవ్విస్తుంది. టుటూ కథ తెలిశాక ఆ దూరం మీద నాకు అనుమానం మొదలైంది.

పారిస్‌లో ఆ గౌను ఎలా పుట్టింది, మన దేశపు దేవదాసీలకీ దానికీ ఏమిటి లంకె, చివరికి అది నరసరావుపేటకి ఏ పేరుతో చేరింది, అక్కడ ఎవరి ఒంటి మీద మర్యాదగానూ ఎవరి ఒంటి మీద అమర్యాదగానూ మారింది అన్నది ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది.

1832

బాలే వేదిక మీద ఆడవాళ్ళ పాదాలు కనబడటమే ఒకప్పుడు పెద్ద విశేషం. 18వ శతాబ్దపు తొలి సగంలో మరీ కమార్గో అనే నర్తకి తన అడుగుల నేర్పు జనానికి తెలియాలని లంగా అంచు చీలమండల పైకి కత్తిరించుకుంటే దాని గురించి ఊరంతా చెప్పుకున్నారట. అక్కడినించి వందేళ్ళకి, 1832 మార్చి 12న, పారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీద్' అనే బాలే ఆడింది. గాలిలో తిరిగే ఒక దేవకన్య, పెళ్ళికి సిద్ధమైన స్కాట్లండ్ కుర్రవాడు, వాళ్ళ మధ్య కుదరని ప్రేమ. దేవకన్యగా మరీ టాగ్లియోని చేసింది, నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. మునివేళ్ళ కొసల మీద నిలబడటాన్ని గారడీ స్థాయినించి కవిత్వం స్థాయికి తెచ్చింది ఆమేనంటారు. ఆ రోజు ఆమె వేసుకున్నది పల్చటి తెల్ల మస్లిన్ పొరలతో, పిక్కల దాకా గంటలా జారిన గౌను. దాని రూపకల్పన యూజీన్ లామీది అని చెబుతారు.

ఆ తెలుపు అంతలా ఆకట్టుకోవడానికి గుడ్డతో పాటు దీపాలూ కారణం. పారిస్ ఒపేరాకి అంతకు పదేళ్ళ ముందే, 1822లో, గ్యాస్ దీపాలొచ్చాయి. కొవ్వొత్తుల పసుప్పచ్చ వెలుగులో తెల్ల గుడ్డ తెల్ల గుడ్డలానే ఉంటుంది. కావాల్సినప్పుడు తగ్గించి పెంచగల గ్యాస్ వెలుగులో, పొర మీద పొరగా వేసిన మస్లిన్ వెన్నెలయిపోతుంది. 1841లో వచ్చిన 'జిసెల్' నాటికి, చచ్చిపోయి దయ్యాలైన కన్నెపిల్లలు తెల్ల గౌన్లలో వరసలు కట్టి ఆడటం ఒక సంప్రదాయంగా స్థిరపడింది.

అప్పటికి దీనికి టుటూ అనే పేరు లేదు. ఆ మాట 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకొచ్చింది. ఫ్రెంచి పసిపిల్లల మాటల్లో పిరుదులకున్న ముద్దుపేరునించి పుట్టిందని ఎక్కువమంది చెప్పే వివరణ. దేవకన్యల బట్టకి చవక సీట్లవాళ్ళు పెట్టిన పేరన్నమాట.

ఇప్పుడు పల్నాడు వైపు చూడండి. టాగ్లియోని ఆ గౌను వేసుకున్న ఏడాదే మన లెక్కలో నందన నామ సంవత్సరం మొదలైంది. గుంటూరు ప్రాంతానికి ఆ పేరు చెబితే గుర్తుకు రావాల్సింది నందన కరువు. డొక్కల కరువనీ అంటారు. వానల్లేవు, కృష్ణ మీద ఆనకట్ట ఇంకా ఇరవై ఏళ్ళ దూరంలో ఉంది. గుంటూరు జిల్లా ఐదు లక్షల జనాభాలో లక్షన్నరనించి రెండు లక్షల మంది దాకా పోయారని అప్పటి అంచనాలు. మిగిలినవాళ్ళలో ఎందరో మద్రాసు దారి పట్టారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఆ గౌను కోసమే ఈ జనం చచ్చిపోయారని తేల్చేయడం తేలిక. కానీ నిజం కాదు. టాగ్లియోని గౌన్లో పల్నాడు పత్తి ఉండే అవకాశం లేదు. గుంటూరు వైపు మెట్టల్లో పండిన పాతరకం పత్తి కాస్త ఎర్రజీర ఉన్న పొట్టి పింజ. తర్వాతి రోజుల్లో అది కాకినాడ రేవు పేరు మీద 'కొకనాడాస్' అని లివర్‌పూల్ బజారుకెక్కింది. మంచులాంటి తెల్ల మస్లిన్‌కి ఆ పింజ పనికిరాదు. 1832 నాటికి యూరప్ మిల్లులకి పత్తి ఎక్కువగా అమెరికా దక్షిణాదినించి, బానిసల చేత పండించే తోటలనించి వెళ్తోంది. మస్లిన్ కూడా అప్పటికి మన సరుకుగా మిగల్లేదు. ఒకప్పుడు ఢాకానించి పోయిన ఆ గుడ్డని ఫ్రాన్సులో లియోన్ దగ్గర తరార్ లాంటి ఊళ్ళలో నేసేస్తున్నారు. మన బందరు రేవు కూడా అంతే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఎగబడి కోఠీలు పెట్టుకున్నది కోస్తా గుడ్డ కోసమే. రెండువందల ఏళ్ళు తిరిగేసరికి గుడ్డ అటునించి ఇటు రావడం మొదలైంది.

ఆ మార్పులో ముందు దెబ్బతిన్నవాళ్ళ గురించి మనం తక్కువ మాట్లాడతాం. మిల్లు గుడ్డ కంటే ముందు మిల్లు నూలు వచ్చింది. నేతగాడు ఆ నూలు కొనుక్కుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. వడికే ఆడవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. రాట్నం ఎక్కువగా ముసలివాళ్ళదీ, విధవలదీ, పొలం పని లేని రోజుల్లో అందరు ఆడవాళ్ళదీ. ఆ నాలుగు డబ్బులూ పోయాక కరువొస్తే అడ్డం పెట్టుకోవడానికి ఇంట్లో ఏమీ ఉండదు. టాగ్లియోని గౌనుకీ మన సీమకీ ఉన్న సంబంధం ఇంతవరకే. ఒకే ప్రపంచ బజారులో ఒక చివర గుడ్డ వెన్నెలగా మారుతుంటే ఇంకో చివర నూలు వడికే చేతులు ఖాళీ అయ్యాయి. శ్రీనాథుడి రంభకి కనీసం వడకడానికి పనుంది.

నిప్పు

ఆ వెన్నెలకి ఇంకో ఖరీదు కూడా ఉంది. పొరలు పొరలుగా, మధ్యలో గాలి ఆడేలా కుట్టిన పల్చటి నూలుగుడ్డ కంటే బాగా మండేది వెతికినా దొరకదు. వేదిక అంచున, పక్కల్లో, అంతటా గ్యాస్ మంటలు. 1844లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ గౌను అంటుకుని రెండుమూడు రోజుల్లో చనిపోయింది. 1862 నవంబర్లో పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా ఎమ్మా లివ్రీ కూర్చోబోతూ గౌను సర్దుకుంది. ఆ విసురుకి పొర ఒకటి దీపానికి తగిలింది. మంటల్లోనే వేదిక మీద అటూ ఇటూ పరిగెత్తింది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో పోయింది. ఇరవై ఏళ్ళు. టాగ్లియోని తన వారసురాలనుకుని స్వయంగా శిక్షణ ఇచ్చిన పిల్ల ఆమె.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. గుడ్డ అంటుకోకుండా పటిక, బోరాక్స్ లాంటి లవణాల నీళ్ళలో ముంచే పద్ధతిని కార్తెరాన్ అనే అతను అప్పటికే తయారుచేశాడు. నర్తకులు దాన్ని వాడాలని 1859లోనే ఆదేశం కూడా ఉంది. కానీ ముంచిన గుడ్డ పచ్చబడుతుంది, బిరుసెక్కుతుంది, వెన్నెల పోతుంది. నా గౌనే వేసుకుంటాను, ఏం జరిగినా బాధ్యత నాదే అని లివ్రీ రాసిచ్చింది. ఈ మాట చదివి ఆమెది మొండితనం అనుకోవచ్చు. కానీ ఆమెకి జీతం ఇచ్చేది ఆ తెలుపుకే. బరువుగా వేలాడే గౌనుతో దేవకన్యని ఎవరు నమ్ముతారు? ప్రాణానికి రక్షణా, పనికి గుర్తింపూ ఎదురెదురుగా నిలబెట్టి 'నీ ఇష్టం' అనడం ఇప్పటి పనిచోట్లలోనూ చూస్తున్నదే.

పొట్టి గౌను, పేద పిల్ల

తర్వాతి యాభై ఏళ్ళలో గౌను పొట్టిదయింది. ఇటలీ నర్తకులు కొత్త తిరుగుళ్ళూ దూకుళ్ళూ తెచ్చారు. 1885లో పీటర్స్‌బర్గ్ వెళ్ళిన వర్జీనియా జుక్కి అక్కడి పొడుగు గౌను వేసుకోనని పట్టుబట్టి కురచ చేయించుకుందని చెబుతారు. పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద వరసగా 32 చుట్లు తిరుగుతుంటే, తిరిగే కాలు తొడనించి కనబడాలి కదా. అలా గంట కాస్తా పళ్ళెం అయింది. నడుము దగ్గరనించి నేలకి సమాంతరంగా చుట్టూ నిలబడే పళ్ళెం.

నేను చదివింది ఇంజనీరింగ్ కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ పళ్ళెం నిలబడేది వల గుడ్డ వల్ల. ఆరు పలకల కళ్ళున్న ఆ వలని చేతి లేసుకి దీటుగా అల్లే యంత్రాన్ని జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు 1808-09 ప్రాంతంలో తయారుచేశాడు. 1816లో లుడైట్లు లఫ్‌బరోలో అతని ఫ్యాక్టరీ మీద పడి యంత్రాలు పగలగొట్టారు. నేసిన గుడ్డకి పడుగూ పేకా ఉంటాయి, కోస్తే అంచు పోగులు ఊడిపోతాయి. వలని ఎటు కోసినా ఊడదు. బరువు తక్కువ, బిరుసు ఎక్కువ. పదీ పన్నెండు పొరలు కుచ్చులు పోసి, పైది వెడల్పుగా, కిందికి వెళ్ళేకొద్దీ కురచగా కత్తిరించి, ఒక పొరకి ఇంకోటి వదులుగా చేత్తో టాకాలు వేస్తే పొట్టి పొరలు పెద్ద పొరలని మోస్తాయి. కొన్నిట్లో ఉక్కు తీగ చుట్టు కూడా పెడతారు. దర్జీకి వారాల తరబడి పని. వాడనప్పుడు తలకిందులుగా వేలాడదీస్తారు, లేకపోతే వాలిపోతుంది.

ఆ పళ్ళెం కింద ఎవరున్నారు? 1881లో పారిస్‌లో దెగా ఒక మైనపు బొమ్మని ప్రదర్శనకి పెట్టాడు. పద్నాలుగేళ్ళ నర్తకి. మైనపు ఒంటికి నిజం గుడ్డతో కుట్టిన గౌను. ఆ పిల్ల పేరు మరీ వాన్ గూథెం. తల్లి బట్టలుతికే పని చేసుకునేది, పిల్లలు ఒపేరా బళ్ళో చేరింది కడుపు కోసం. ఒపేరా వెనక నర్తకుల గదిలోకి చందాదారులైన పెద్దమనుషులకి ప్రవేశం ఉండేది. వాళ్ళెందుకు వచ్చేవారో ఊరందరికీ తెలుసు. ఆ బొమ్మని చూసి విమర్శకులు కోతి మొహం అన్నారు. మరుసటేడు క్లాసులకి సరిగా రావట్లేదని మరీని తీసేశారు. ఆ తర్వాత ఆమె చరిత్రలో కనబడదు. బొమ్మ కంచు నకళ్ళు మాత్రం ప్రపంచంలోని ఎన్నో పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

అంటే వేదిక మీద అప్సరస. ఇంటికెళితే చాకిరేవు.

బయదేర్లు

మన దేవాలయ నర్తకులని యూరప్ 'బయదేర్' అనేది. నర్తకి అని అర్థమున్న పోర్చుగీసు మాటే ఫ్రెంచిలోకెళ్ళి అలా మారింది. నిజం నర్తకిని చూడకముందే యూరప్ ఆమెని తన వేదిక మీద తయారుచేసుకుంది. 1830లో టాగ్లియోనే 'దేవుడూ బయదేర్' అనే ఒపేరా-బాలేలో ఆ వేషం కట్టింది.

1838లో నిజం మనుషులు వెళ్ళారు. పుదుచ్చేరి దగ్గర తిరువేందిపురంనించి ఐదుగురు నర్తకులని, ముగ్గురు వాద్యగాళ్ళని తార్దివెల్ అనే వ్యాపారి ఒప్పందం రాయించుకుని ఓడెక్కించాడు. ఆగస్టులో పారిస్‌లో, ఆ తర్వాత లండన్‌లో ఆడారు. వాళ్ళలో అమనీ అనే అమ్మాయి మీద తెయోఫీల్ గొతియే పరవశించి రాశాడు. మూడేళ్ళ తర్వాత 'జిసెల్' కథ రాసినవాళ్ళలో అతనూ ఒకడు. మిగతా జనంలో చాలామంది మాత్రం నిరాశపడ్డారు. చీరా, బరువు నగలూ, నేలని తొక్కే పాదాలూ... వాళ్ళు ఊహించుకున్న బయదేర్ ఇలా లేదు. శిల్పి ఓగుస్త్ బార్ అంతకు ఏడాది ముందే టాగ్లియోని దేవకన్య బొమ్మ చేశాడు, ఇప్పుడు అమనీ బొమ్మ కూడా చేశాడు. ఒకే చేతిలో తయారైన ఆ రెండు చిన్న కంచు బొమ్మలనీ పక్కపక్కన ఊహించుకుంటే ఎంత చరిత్ర! ఒకతె నేలని వదిలి లేవాలని చూస్తుంది. ఇంకొకతె నేల తనదే అన్నట్టు నిలబడుతుంది.

గెలిచింది ఊహే. 1877లో పీటర్స్‌బర్గ్‌లో పెతిపా కూర్చిన 'లా బయదేర్'లో నికియా అనే దేవాలయ నర్తకి పూలబుట్టలోని పాము కరిచి చనిపోతుంది. ఆమె ప్రియుడి మత్తు కలలో తెల్ల టుటూల నీడలు ఒక్కొక్కటిగా వాలు మీదనించి దిగుతూనే ఉంటాయి. ప్రపంచంలోని గొప్ప బాలే దృశ్యాల్లో అదొకటి, నేనూ వీడియోలో చాలాసార్లు చూశాను, ప్రతిసారీ ఒళ్ళు జలదరించింది. ఆ అందంలో అమనీకి చోటు లేదన్నది కూడా అంతే నిజం.

కుట్టు

ఈ కథ తిరుగు ప్రయాణంలో ఇంకా చిత్రంగా ఉంటుంది. అందుకు ముందు మాచర్ల దాకా వెళ్ళిరావాలి. నాగార్జునకొండ ఆ మండలంలోదే. సాగర్ డ్యాం నీళ్ళు లోయని ముంచేలోపు తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి సున్నపురాతి శిల్పాలు ఇప్పుడు జలాశయం మధ్య దీవి మీద మ్యూజియంలో ఉన్నాయి. మెట్లు మెట్లుగా కట్టిన ప్రదర్శనశాల కూడా ఆ లోయలోనే బయటపడింది. 3, 4 శతాబ్దాల ఆ శిల్పాల్లో ఆడవాళ్ళ నడుముకింద గుడ్డ ఉందని తెలిసేది ఒక గీత వల్ల, ఒక ముడి వల్ల. అంత పల్చటి గుడ్డ. ఎక్కడా కుట్టు లేదు, చుట్టుకున్నదే. అదే చోట ఒక స్తంభం మీద గడ్డం, టోపీ, పొడుగు చేతుల అంగీతో ఒక పరదేశి ఉన్నాడు. శక సైనికుడంటారు. కుట్టిన బట్ట అప్పటినించీ మన కళ్ళకి తెలుసు, పరాయివాడి బట్టగా తెలుసు.

నాట్యం బట్ట కూడా చాలాకాలం చుట్టుకున్నదే. దేవదాసీలు పైజామా మీద చీర కట్టి, ముందు కుచ్చిళ్ళు దోపి ఆడేవారు. దాన్ని మార్చిన మనిషి రుక్మిణీదేవి అరుండేల్. ఆమె అన్నా పావ్లోవాని చూసి బాలే పిచ్చిలో పడింది, పావ్లోవా బృందంలోని క్లియో నోర్దీ దగ్గర పాఠాలు కూడా నేర్చుకుంది. నీ దేశపు నాట్యం నేర్చుకోమని పావ్లోవాయే సలహా ఇచ్చింది. 1935లో అడయారులో రుక్మిణీదేవి తొలి ప్రదర్శన, 1936లో కళాక్షేత్ర. మదాం కాజాన్ అనే ఇటాలియన్ దర్జీ సాయంతో ఆమె చీరనే కోసి కుట్టించిన దుస్తులు తయారుచేయించింది. బాలసరస్వతి మాత్రం చివరిదాకా చీరలోనే ఆడింది. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి కళాక్షేత్రలో నేర్చుకుని దేశమంతా తిరిగింది. ఇవాళ మన కూచిపూడి పిల్లలు వేసుకునే దుస్తులూ ఆ కుట్టు కుటుంబంలోవే.

ముందు వేలాడే ఆ కుచ్చిళ్ళ విసనకర్రని గమనించండి. మోకాళ్ళు పక్కలకి వంచి అరమండిలో కూర్చోగానే అది అర్ధచంద్రంలా విచ్చుకుంటుంది. మోకాళ్ళు ఎంత తెరుచుకున్నాయో వెనక వరసలోవాళ్ళకీ తెలుస్తుంది. టుటూ చేసే పనీ సరిగ్గా అదే, కాలు చేస్తున్న లెక్కని దూరానికి కనబడేలా చేయడం. ఒకటి అడ్డంగా విచ్చుకునే పళ్ళెం, ఇంకోటి నిలువుగా విచ్చుకునే అర్ధచంద్రం. పైకి ఎగరాలనుకునే నాట్యం గుడ్డని దారినించి తొలగించింది. నేలలోకి దిగాలనుకునే నాట్యం గుడ్డని తెరిచి చూపించింది. బాలే చూసొచ్చిన కళ్ళు మన నాట్యానికి బాలే గౌను తొడగలేదు, మన నాట్యానికే కావాల్సిన గౌను వెతికాయి. అందుకు రుక్మిణీదేవికి దణ్ణం పెట్టాలి. అదే సమయంలో, ఆ నాట్యాన్ని తరతరాలు మోసిన కులాల ఆడవాళ్ళు 1947 మద్రాసు చట్టం నాటికి వేదిక దిగిపోయారు. బట్టకి మర్యాద వచ్చేసరికి, పాత మనుషులు అందులో లేరు.

నరసరావుపేటలో క్యాన్‌క్యాన్

మా అక్క కూతురి ఓణీల ఫంక్షనుకి లంగా కుట్టించడానికి నరసరావుపేటలో దర్జీ షాపుకి తోడు వెళ్ళాను. దర్జీ కొలతలు రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "క్యాన్‌క్యాన్ ఎన్ని పొరలు వేయమంటారమ్మా?" అక్క కూడా అంతే మామూలుగా, "రెండు చాలు బాబూ. గుచ్చుకోకుండా లోపల లైనింగ్ మంచిది వెయ్యి" అంది. క్యాన్‌క్యాన్ అంటే పారిస్‌లో 1830ల్లో పుట్టిన డాన్సు. కుచ్చుల లోలంగాలు ఎగరేసి కాళ్ళు విసిరే డాన్సు, పెద్దమనుషులు ఛీ అన్నది. దాని పేరు ఇవాళ పల్నాడు దర్జీల నోట్లో, లంగా బుట్టలా నిలబడటానికి లోపల వేసే బిరుసు వల గుడ్డకి మిగిలింది. పత్తి స్థానంలో నైలాను, పాలియెస్టరు వచ్చాయి. పద్ధతి మాత్రం అదే టుటూ పద్ధతి.

బుట్ట అన్నది ఇక్కడ సరైన మాట. వెదురు బుట్ట మీద బొమ్మ కట్టి, లోపల మనిషి దూరి ఆడే బుట్టబొమ్మలు మనకి ఎప్పటినించో ఉన్నాయి. కాబట్టే విదేశీ గౌను వచ్చినప్పుడు మనవాళ్ళు పేరు కోసం తడుముకోలేదు. బుట్ట గౌను, బుట్ట చేతులు, కుచ్చుల గౌను. మొదటి పుట్టినరోజు ఫోటోలో ఆ వల గౌను వేసుకోని ఆడపిల్ల మా తరంలో అరుదు. దువ్వకుండానే నిలబడే జుట్టూ, గుచ్చుకుని ఏడుస్తున్న మొహమూ, చుట్టూ గులాబీరంగు వలా. బయటి ప్రపంచంలోనూ అది వీధిలోకొచ్చింది. 1947లో దియోర్ వెడల్పాటి లంగాలు తెచ్చాక వాటి కింద వల లోలంగాలు మామూలయ్యాయి. 1998లో 'సెక్స్ అండ్ ద సిటీ' టైటిల్సులో న్యూయార్కు వీధిలో తెల్ల టుటూతో నడిచిన అమ్మాయిని ఓ తరం అనుకరించింది.

ఇదంతా మర్యాద దారి. పల్నాటికి టుటూ వచ్చిన రెండో దారి కోటప్పకొండ.

శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళనించి ప్రభలు కదిలొస్తాయి. ఎనభై తొంభై అడుగుల ఎత్తు, ఒళ్ళంతా రంగుల కరెంటు దీపాలు. చాలా ప్రభల ముందు వేదిక ఉంటుంది, దాని మీద తెల్లవార్లూ రికార్డింగ్ డాన్సులు. చిన్నప్పుడు జనంలో నలుగుతూ అరుగు మీదనించి చూసిన ఆ అమ్మాయిల బట్టలు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. చమ్కీల బాడీసు, తొడల పైకి వల కుచ్చుల గౌను, కాళ్ళకి ఒంటిరంగు మేజోళ్ళు. సినిమాల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని వేసిన క్లబ్బు డాన్సు బట్టలకి నకలు. ఆ సినిమా బట్టలు బొంబాయి మీదుగా, హాలీవుడ్ మీదుగా పారిస్ క్యాబరేలనించి వచ్చినవి. ఆ క్యాబరే ఒపేరా ఉన్న ఊళ్ళోదే. ఇంత దూరం తిరిగి వచ్చినా ఒక్క వివరం చెరగలేదు. ఒంటిరంగు మేజోళ్ళు 19వ శతాబ్దపు బాలే నర్తకివే. కాలు కనబడాలి, కానీ చర్మం కనబడలేదని అందరూ ఒప్పుకోవాలి.

డాన్సు డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో కూచిపూడి దుస్తులూ, వల గౌన్లూ ఒకే తీగ మీద వేలాడుతుంటాయి. స్కూలు వార్షికోత్సవానికి ఏడేళ్ళ పిల్ల అందులోంచి ఏది వేసుకున్నా తల్లిదండ్రులు ఫోటో తీస్తారు. పాతికేళ్ళ అమ్మాయి అదే వల గౌను తిరునాళ్ళలో వేసుకుంటే ఆమెని తెల్లారాక ఊళ్ళో ఎవరూ పలకరించరు. ఆమెని చూడటానికి రాత్రంతా నిలబడ్డవాళ్ళు కూడా. పోలీసులు ఏటా అశ్లీలం ఉండకూడదని షరతులు పెడతారు. ఆ షరతులు ఆమె గౌను పొడుగు గురించి. ఆమెకి డబ్బు ముట్టిందా, తెల్లవారుజామున ఏ బండిలో వెళ్తుంది, వేదిక చుట్టూ వైర్లు ఎలా ఉన్నాయి అన్నవాటి గురించి అంతగా ఎవరూ అడగరు.

ఇందులో కొత్త ఏమీ లేదు. ఎమ్మా లివ్రీ గౌను తెలుపు గురించి పట్టించుకున్నంతగా దీపాల గురించి పట్టించుకోలేదు. మరీ వాన్ గూథెం మొహం గురించి రాసినంతగా ఆమె అద్దె ఎవరు కడుతున్నారని రాయలేదు. అమనీ మీద కవిత్వం వచ్చింది, ఆమె ఒప్పందం కాగితం సంగతి చరిత్రకారులు వెతికి తీయాల్సి వచ్చింది. ప్రతి చోటా గుడ్డ గురించి తగవు పడ్డారు. లోపలి మనిషి కూలిమనిషి అన్న సంగతి మర్యాదగా దాటేశారు.

1967లో సాగర్ కుడికాలువకి నీళ్ళొదిలాక పల్నాడు మారింది. రంభని వెక్కిరించిన జొన్న చేల సీమలో వరీ మిరపా తెల్లపత్తీ వచ్చాయి. చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులొచ్చాయి. 1987-88లో పత్తి రైతుల చావులూ ఈ ప్రాంతాన్నించే పేపర్లకెక్కాయి. మిల్లుల్లో షిఫ్టులు చేసే ఆడవాళ్ళు, సీజన్లో పత్తి తీసే ఆడవాళ్ళు, శివరాత్రి రాత్రి వేదిక ఎక్కే అమ్మాయిలు. వీళ్ళ ఇళ్ళు వేరువేరు వీధుల్లో ఉండాలన్న నియమం ఏమీ లేదు. శ్రీనాథుడి పేరు మీది ఆ పద్యం నవ్వించేది, నాట్యం చేసే మనిషి పని చేసే మనిషి కాదనుకున్నప్పుడే. రంభకి జీతమెంతో ఎవరూ అడగలేదు కానీ, ఇంద్రసభలో అయినా ఆమె చేసింది ఉద్యోగమే కదా.